బండి లాగడం లేదు

రెండేళ్ళ పాటు నేను ఒకే మాట పదిమందికి చెప్పాను. "బండి లాగడం లేదు" అని. ఆ పదిమందిలో ఒక్కరూ బండి వైపు చూడలేదు. నా కాలి వైపు చూశారు.

సర్వీస్ సెంటర్లో అడ్వైజర్ కుర్రాడు చాలా మర్యాదగా "లేడీస్ కొంచెం తొందరగా గేరు మార్చేస్తారు మేడమ్" అన్నాడు. కాలేజీలో సహోద్యోగి "ఘాట్‌లో మీకు భయం కదా, తెలీకుండానే యాక్సిలరేటర్ వదిలేస్తుంటారు" అని మానసిక విశ్లేషణ చేశాడు. మా తమ్ముడు "అక్కా, అమ్మేసి ఆటోమేటిక్ కొనుక్కో, గొడవుండదు" అన్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న పెద్ద మెకానిక్ తాళాలు తీసుకుని బీచ్ రోడ్డు మీద, అంటే గీత గీసినట్టు చదునుగా ఉన్న రోడ్డు మీద, రెండు రౌండ్లు కొట్టుకొచ్చి "బానే ఉంది కదమ్మా" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా బండి నడుపుతున్నాను. ఇంకా నా డ్రైవింగు ఎవరో ఒకరు తనిఖీ చేయాల్సిన వస్తువే!

నాది 2014 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాడేరు వైపు కాఫీ తోటల్లో పనిచేసే ఆడవాళ్ళ జీవిత కథనాలు రికార్డు చేస్తున్నాను కాబట్టి నెలకి మూడుసార్లయినా ఘాట్ ఎక్కుతాను. కాఫీ పళ్ళు కోసే చలికాలంలో అయితే వారం వారం. వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళినా వచ్చేటప్పుడు బండి నిండిపోతుంది. చోడవరం సంతకో, విశాఖలో పెద్దాసుపత్రికో వచ్చేవాళ్ళు ఉంటారు. బిడ్డనెత్తుకున్న తల్లి, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ, శనాదివారాలు ఇంటికొచ్చి తిరిగి హాస్టలుకి వెళ్ళే పాలిటెక్నిక్ అమ్మాయి. రోడ్డు లేని ఊళ్ళ నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్త మనం పేపర్లో చదివి పక్కన పెడతాం. ఆ డోలీ వచ్చి ఆగే చోట మొదలయ్యే రోడ్డు మీదే నా బండి నడుస్తుంది. దానికి ఎత్తు కావాలి, చోటు కావాలి, లాగే శక్తి కావాలి.

ఘాట్‌లో ఏమయ్యేదంటే, మలుపులో రెండో గేరులోకి దిగి మళ్ళీ యాక్సిలరేటర్ నొక్కితే బండి ఒక్క క్షణం ఆలోచించేది. ఎదురుగా లోడు లారీ, వెనక ఆర్టీసీ బస్సు, పక్కన లోయ. ఆ ఒక్క క్షణం చాలా పెద్దది.

దానికో పేరుంది, టర్బో ల్యాగ్. డీజిల్ ఇంజన్‌కి డీజిలు ఎంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దాని ఇరుసుకే ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. పొగ వేగం పెరిగితేగాని చక్రం తిరగదు, చక్రం తిరిగితేగాని గాలి రాదు, గాలి రాకపోతే పొగ వేగం పెరగదు! చాలా బళ్ళలో ఇంజన్ నిమిషానికి 1,800 చుట్లకి అటూ ఇటూ వస్తేగాని టర్బో సరిగ్గా నిద్ర లేవదు. ఇదంతా నేను రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. అయితే కొన్నప్పుడు లేని ల్యాగ్ రెండేళ్ళలో ఎందుకు పెరిగిందనే ప్రశ్నకి మాత్రం నాకు జవాబు దొరకలేదు. నా కాలు అదే కాలు కదా!

అలా వెతుకుతూ వెతుకుతూ ట్యూనింగ్ బాక్సుల దగ్గర తేలాను.

షాపు కుర్రాడు మొదట "సార్ రాలేదా మేడమ్?" అని అడిగాడు. ఏ సార్? అన్నాను. పాపం, తర్వాత చాలా ఓపిగ్గా చెప్పాడు. ఇంజన్‌కి ఎంత డీజిలు, ఏ క్షణంలో, ఎంత ఒత్తిడితో పంపాలో నిర్ణయించేది ఇసియు అనే చిన్న కంప్యూటరు. దాని లోపల పట్టికలు ఉంటాయి. ఫలానా వేగానికి, ఫలానా నొక్కుడికి ఇంత డీజిలు అని. ఆ పట్టికల్నే తిరగరాయడం ఒక పద్ధతి, రీమ్యాప్ అంటారు. రెండోది ఈ బాక్సు. డీజిలు కామన్ రైల్ అనే గొట్టంలో 1,600 బార్ దాకా ఒత్తిడితో నిలవుంటుంది. మన కారు టైర్లో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుంది, దాన్నిబట్టి ఊహించుకోండి. ఆ ఒత్తిడిని కొలిచే సెన్సరుకీ కంప్యూటరుకీ మధ్యలో ఈ బాక్సు కూర్చుంటుంది. ఉన్న ఒత్తిడి కంటే తక్కువ ఉందని కంప్యూటరుకి చెబుతుంది. అది నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ప్రతి చుట్టుకీ కాస్త ఎక్కువ డీజిలు పడుతుంది, ఎక్కువ శక్తి వస్తుంది.

అంటే అబద్ధం చెబుతుందన్నమాట, అన్నాను. "అబద్ధం కాదు మేడమ్, మీ బండిలో కంపెనీవాళ్ళు ఆపి ఉంచిన పవర్ బయటికి తీస్తుంది" అన్నాడు నొచ్చుకుని.

ఆపి ఉంచిన పవర్... ఆ మాట నన్ను పట్టేసింది. మనలాంటివాళ్ళం ఆ మాటకి పడిపోకుండా ఎలా ఉంటాం? 2012లో మన దేశంలోకి వచ్చిన డస్టర్‌లో 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్ ఒకటే. ఒక రకంలో 85 గుర్రాల శక్తి, ఇంకో రకంలో 110. నీ సామర్థ్యం ఇంతే అని ఎవరో రాసి పెట్టారు, అది ప్రకృతి కాదు, రాత! అని స్త్రీవాదపు ఉపన్యాసం ఒకటి మనసులో తయారైపోయింది. తర్వాత తెలిసింది, ఆ రెండిటికీ టర్బోలు వేరు. 110లో ఉన్నది అవసరాన్ని బట్టి దారిని సన్నం చేసి వెడల్పు చేసే రకం. అంటే తేడాలో కొంత రాత, కొంత లోహం. ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది. పోలికలు మరీ చక్కగా కుదిరిపోయినప్పుడు ఎక్కడో మోసం ఉంటుందని తరగతిలో నేనే కదా చెబుతాను.

ఇంజన్లు, ఆడవాళ్ళు అని వెతికితే అందరూ బెర్తా బెంజ్ కథ చెబుతారు. 1888లో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌సైమ్‌కి కారు నడిపింది. నాకు మాత్రం బియాట్రిస్ షిల్లింగ్ మీద మనసుపోయింది. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధనా సంస్థలో ఇంజనీరు ఆవిడ. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలు ముక్కు కిందికి వంచి దూకబోతే ఇంజన్ తడబడి ఆగేది. కార్బురేటర్లో ఇంధనం ఎగదన్ని, ముందు కరువు, ఆ తర్వాత వరద. జర్మన్ విమానాల్లో ఇంధనాన్ని నేరుగా చిమ్మే ఏర్పాటు ఉండటంతో వాటికి ఆ బాధ లేదు, దూకి తప్పించుకునేవి. షిల్లింగ్ చేసిందల్లా మధ్యలో లెక్క ప్రకారం సన్నటి రంధ్రం ఉన్న చిన్న లోహపు బిళ్ల ఒకటి తయారుచేయడం. ఇంధనం వరదలా రాకుండా అది ఆపుతుంది. విమానాన్ని షెడ్డుకి పంపక్కర్లేదు, ఉన్నచోటే బిగించొచ్చు. 1941లో చిన్న బృందాన్ని వెంటేసుకుని వైమానిక స్థావరాలు తిరిగి ఆ బిళ్లలు బిగించింది. తయారై బయటికొచ్చిన ఇంజన్‌కి తర్వాత పెట్టిన సరంజామా అంటే అదే కదా! యుద్ధానికి ముందు ఆవిడ మోటార్ సైకిల్ రేసుల మనిషి. 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద నార్టన్ బండిని గంటకి 100 మైళ్ళు దాటించి గోల్డ్ స్టార్ సంపాదించింది.

ఆ బిళ్లకి వైమానిక దళం మగవాళ్ళు పెట్టిన ముద్దుపేరు "మిస్ షిల్లింగ్స్ ఆరిఫీస్". అంటే షిల్లింగమ్మ రంధ్రం. ప్రాణాలు నిలబెట్టిన వస్తువుకి కూడా బూతు లేకుండా పేరు పెట్టలేకపోయారు. 1938లోనే పెళ్ళయినా ఆ పేరులో "మిస్" అలాగే ఉండిపోయింది. ఇందులో కోపం తెచ్చుకోవాల్సింది ఏదో, సంతోషించాల్సింది ఏదో నాకిప్పటికీ తేలలేదు.

పదిహేను రోజుల్లో నచ్చకపోతే డబ్బు వాపసు అన్న షరతు మీద 2023 నవంబరులో బాక్సు పెట్టించాను. పెట్టడం ఇరవై నిమిషాల పని. సెన్సరు వైరు ఊడదీసి మధ్యలో దీన్ని తగిలించడమే. ఐదు మెట్ల సెట్టింగు ఉంటే మూడులో పెట్టాడు.

ఆ తర్వాతి సంగతి దాచకుండా చెప్పాలి. బండి లాగింది! మాడుగుల దాటి కొండ మొదలయ్యాక మూడో గేరులో నొక్కితే వీపు సీటుకి అతుక్కుంది. లారీని దాటడానికి లోపల లెక్కలు వేసుకునే అలవాటు ఒక్క రోజులో పోయింది. ఒంటరిగా ఉన్నాను కాబట్టి గట్టిగా అరిచాను కూడా. వేగం మగవాళ్ళ జబ్బు అని మనం తేలిగ్గా అనేస్తాం. నా స్నేహితురాలు, మీలో చాలామందికి తెలిసిన రచయిత్రే, "ఎస్‌యూవీ అంటేనే చక్రాల మీద మగతనం, దానికి మళ్ళీ బలం మందు కూడా పట్టిస్తున్నావా నువ్వు?" అని ఫోన్లో దులిపేసింది. నిజమే కావచ్చు. కానీ జీవితమంతా వెనక సీట్లో చీరకుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చున్న మా అమ్మకి ఈ వీపు అతుక్కోవడం ఎలా ఉంటుందో ఒక్కసారైనా తెలిసి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

వంట్లమామిడి దగ్గర పై మలుపులో అద్దంలోకి చూశాను. వెనక రోడ్డు నల్లగా ఉంది. ఆ నలుపులోంచి కట్టెల మోపులెత్తుకున్న ముగ్గురు ఆడవాళ్ళు బయటికొచ్చారు. ఒకామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మిగతా ఇద్దరికీ చేతులు మోపు మీద ఉన్నాయి.

నాది పొగలోని మసిని పట్టే ఫిల్టరు లేని కాలం నాటి బండి. బిఎస్-6 ప్రమాణాలు వచ్చింది 2020 ఏప్రిల్లో. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే తేల్చింది. నా దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, అబద్ధం కాదు. కానీ ఆ పరీక్ష బండిని నిలబెట్టి, న్యూట్రల్లో ఇంజన్ రేపి చేసేది. ఏడుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేటప్పుడు ఎవరూ కొలవరు. పరీక్షకి ఒక ముఖం, రోడ్డుకి ఒక ముఖం. 2015లో ఫోక్స్‌వ్యాగన్ పట్టుబడింది సరిగ్గా ఇందుకే. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి మంచిగా నటించే సాఫ్ట్‌వేర్‌ని ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో పెట్టింది. నా బాక్సు దాని ముందు చీమ. కానీ నేను ఎవరి కథలు రాసుకోవడానికి వెళ్తున్నానో వాళ్ళ ముఖాన మసి కొట్టి వెళ్తున్నాను. నా లాగుడికి కావలసిన అబద్ధం నా కంప్యూటరుకి చెబితే, దాని ఖర్చు కొంగు అడ్డం పెట్టుకోవడానికి కూడా చేయి ఖాళీ లేనామె భరిస్తోంది.

అసలు చిక్కు విప్పింది పాలిటెక్నిక్ అమ్మాయి. నేను కథనం రికార్డు చేసిన ఒకామె కూతురు, ఆటోమొబైల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. ఆ ఆదివారం నా పక్కన కూర్చుని అద్దంలో పొగ చూసి "ఇంత నలుపు రాకూడదు మేడమ్. డీజిలు పెరిగింది సరే, గాలి ఏదీ?" అంది. ఎంత సూటి ప్రశ్న! బండి ఆపించి బానెట్ ఎత్తి, నన్ను యాక్సిలరేటర్ నొక్కమని తను చెవి పెట్టి విన్నది. టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం అడుగున వేలు పెట్టి తీస్తే జిడ్డు నూనె అంటింది. క్లిప్పు కింద గొట్టం చీలింది. ఒత్తిడి పెరిగినప్పుడే ఆ చీలిక నోరు తెరుస్తుంది, ఊరికే నిలబడ్డ బండిలో మూసుకునే ఉంటుంది. టర్బో కుక్కి పంపిన గాలి సగం దారిలోనే పోతోంది. చదును రోడ్డు మీద రెండు రౌండ్లు కొట్టినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? రెండేళ్ళు! ఘాట్ ఎక్కేది నేను, ఎక్కడ ఆగుతోందో చెప్పింది నేను. ఒక్కరు కొండ దాకా వచ్చినా, కనీసం గొట్టం తడిమి చూసినా తేలిపోయేది.

గొట్టం మార్పిస్తే బాక్సు ఖరీదులో పదో వంతు కూడా కాలేదు. బండి 2019 నాటిలా లాగింది. గడువులో ఇంకా నాలుగు రోజులున్నాయి కాబట్టి బాక్సుని ఒకటో మెట్టులో పెట్టి కూడా నడిపాను. కంటికి కనిపించే పొగ లేదు, లాగుడు మాత్రం ఇంకా ముద్దుగా ఉంది. క్లచ్ మీద భారం పడుతుందని ఆ అమ్మాయి చెప్పింది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉన్నాయి. ప్రమాదం జరిగితే బీమావాళ్ళు ఎక్కడ పట్టుకుంటారో తెలిసిందే. ఇవన్నీ ఆలోచించాను. అయినా బాక్సు తీయించింది ఇవేవీ కాదు, ఆ కట్టెల మోపులు. తీసేటప్పుడు షాపు కుర్రాడు "అలవాటు పడ్డాక మామూలు బండి చప్పగా ఉంటుంది మేడమ్" అన్నాడు. నిజమే చెప్పాడు. ఇప్పటికీ ఆ మూడో గేరు గుర్తొస్తే కాలు కాస్త బలంగానే పడుతుంది.

ఆ అమ్మాయి డిప్లొమా 2024లో ఫస్ట్ క్లాసులో పూర్తయింది. వర్క్‌షాపు ఉద్యోగాలకి మూడు చోట్ల వెళ్ళింది. ఒకచోట ఆడపిల్లలకి బాత్రూమ్ లేదన్నారు. ఒకచోట రాత్రి షిఫ్టు అన్నారు. మూడోచోట తీసుకున్నారు గానీ, ముందు ఆఫీసులో కస్టమర్లతో మాట్లాడే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఫిర్యాదు విని కాగితం మీద రాసి లోపలికి పంపడం పని. "బండి లాగట్లేదు అని ఆడవాళ్ళు వస్తే నేను గొట్టాలు చూడండి అని కూడా రాసి పంపుతున్నాను మేడమ్. లోపలివాళ్ళు నవ్వుతారు. మొన్న రెండిటికి దొరికింది" అని చెప్పింది ఫోన్లో. లోపలికి ఎప్పుడు పంపుతారని అడిగాను. అడిగిన ప్రతిసారీ వచ్చే నెల అంటున్నారట.