పెనాంగ్‌లో ముసాఫిర్, ముఖీం

మలయ్ భాషలో ‘రంతావ్’ అనే పదమున్నది. స్వస్థలం విడిచి పరాయిచోట బ్రతుకుతెరువు వెదకుకొనడమని దాని భావం. దూరం నుండి పనిచేసే ఉద్యోగుల కొరకు 2022లో ప్రవేశపెట్టిన అనుమతికి మలేషియా ప్రభుత్వం ఈ పదాన్నే ఎన్నుకొని ‘డీఈ రంతావ్’ అని పేరు పెట్టింది. కంప్యూటర్ రంగంలో ఏటా 24 వేల డాలర్లకు పైగా సంపాదించే విదేశీయులు భార్యాబిడ్డలతో సహా సంవత్సరం వరకు అక్కడ నివసించవచ్చును. మరొక సంవత్సరానికి పొడిగించుకొనవచ్చును. జీతమిచ్చే సంస్థ మాత్రం ఆ దేశం వెలుపలిదై ఉండాలి.

కర్నూలులోని మా సోదరి కుమారుడు ఈ అనుమతితోనే పెనాంగ్ ద్వీపంలోని జార్జ్‌టౌన్‌లో కాపురముంటున్నాడు. కొలువు లండన్ సంస్థలో. గత వేసవిలో మేము అక్కడ పన్నెండు రోజులు గడిపాము.

ఊరు మాకు పరాయిగా తోచలేదు. కపితాన్ కెలింగ్ మస్జిదును 1801లో స్థాపించినవారు భారతదేశం నుండి వెళ్లిన ముస్లిములే. సమీపంలోని ఆచే వీధి ఒకప్పుడు హజ్ యాత్రికులు ఓడల కొరకు వేచియుండిన చోటు. అక్కడి ప్రసిద్ధ భోజనం ‘నాసి కందర్’. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. తమిళ ముస్లిములు కావడిపై అన్నం, కూరలు మోసుకొని వీధివీధి తిరిగి అమ్మేవారట. తిరుగుతూ సంపాదించడం కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు.

లండన్‌లో ఉదయం తొమ్మిదైతే వేసవిలో పెనాంగ్‌లో సాయంత్రం నాలుగు. మేనల్లుడి పని అప్పుడు మొదలై అర్ధరాత్రికి ముగుస్తుంది. అసర్, మగ్రిబ్, ఇషా మూడూ కొలువు వేళల్లోనే వస్తాయి. అతడు వాటిని ముందుగానే తన పనిపట్టికలో గుర్తించి, ఆ సమయాలలో సమావేశాలు పెట్టవద్దని పై అధికారికి చెప్పుకొన్నాడు. జుమా మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉన్నది. హైదరాబాదులో కొలువు చేసిన రోజులలో ఈ సౌకర్యం లేదని అతడే అన్నాడు. మాకది చిన్న విషయంగా తోచలేదు.

ఇంటిలో అసర్‌కు మమ్మల్నే ముందు నిలబెట్టాడు. పదిహేను రోజులు ఉండే సంకల్పం లేదు గనుక హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మేము ముసాఫిర్‌లము. రెండు రకాతులకే సలాం చెప్పాము. అతడు ముఖీం, లేచి మిగిలిన రెండు పూర్తిచేశాడు. వెనుక ఎనిమిదేండ్ల అతని కుమార్తె, “నాన్నా, మనం ఇక్కడివాళ్లమా?” అని అడిగింది.

ఆ రాత్రి పని ముగించి వచ్చి అతడు అసలు సంగతి చెప్పాడు. “మామూజాన్, అద్దె గడువు తీరాక ఒకచోట ఉండము. పది రోజులు ఇస్తాంబుల్, పది రోజులు సరయెవో, ఇలా సాగాలని ఉంది. కర్నూలు ఇల్లు అమ్మివేస్తే ఎలా ఉంటుంది?”

నమాజు సంగతి మేము సులువుగానే చెప్పగలిగాము. పది రోజుల బసలలో ఖస్రే. అయితే స్వస్థలం, అనగా వతనె అస్లీ, ప్రయాణాలతో రద్దు కాదు. మరొక ఊరిని శాశ్వత నివాసం చేసుకొన్నపుడే రద్దవుతుంది. అంతవరకు కర్నూలులో ఒక్క రాత్రి ఆగినా పూర్తి నమాజే చేయాలి. కుటుంబంతో సహా ఓడలోనే కాపురముండి, నేలపై ఇల్లు లేని నావికుడికి ఖస్ర్ లేదని ఇమామ్ అహ్మద్ అభిప్రాయం. ఓడయే అతని ఇల్లు గదా. మేనల్లుడు నవ్వి, “నా ల్యాప్‌టాప్ ఓడ కాదు గదా!” అన్నాడు.

ఇంటి విషయంలో మాత్రం మేము కఠినంగానే మాట్లాడాము. “బేటా, అది మీ తండ్రి వదలిన ఆస్తి. అందులో అమ్మీకి ఎనిమిదవ వంతు ఉంది. మిగిలినదానిలో నీకు రెండు వంతులైతే నీ చెల్లెలికి ఒక వంతు. పంపకమే జరగలేదు, అమ్మకం మాట ఎక్కడిది? పైగా అమ్మీ ఉండేది ఆ ఇంటిలోనే.”

అతడు చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు పని మొదలుకాక మునుపే తల్లికి ఫోన్ చేసి, ముందు పంపకం వ్రాతకోతలు పూర్తిచేద్దామని, రమజాన్‌కు తాము నలుగురం వస్తున్నామని చెప్పాడు. ఎన్ని రోజులకని ఆమె అడిగింది. టికెట్లు ఇంకా తీసుకోలేదన్నాడు.