ముత్తంగి దగ్గర మొదలయ్యే జ్యా

నిన్న రాత్రి మా పాప వృత్తాల పాఠంలో జ్యా, చాపం దగ్గర ఆగిపోయింది. కాగితం మీద మన హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు గీశాను. మొత్తం 158 కిలోమీటర్లు. అచ్చమైన వృత్తం కాదు కానీ, పాఠానికి సరిపోయింది. ఆ చుట్టుకొలతే పరిధి.

సంగారెడ్డి నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి పటాన్‌చెరు పక్కన ముత్తంగి దగ్గర రింగును దాటుతుంది, మళ్లీ పెద్ద అంబర్‌పేట దగ్గర దాటుతుంది. ఆ రెండు చోట్లనూ తిన్నగా కలిపితే జ్యా. శంషాబాద్ మీదుగా రింగు వెంటే వెళ్తే చాపం. జ్యా కేంద్రం గుండా పోతే వ్యాసం, అందులో సగం వ్యాసార్థం.

చాపమంటే విల్లు, జ్యా అంటే అల్లెతాడు అనగానే పాప కళ్లు మెరిశాయి. నిర్వచనం బట్టీ పట్టించే ముందు, పిల్లలకు రోజూ తిరిగే దారిలోనే దాన్ని చూపించండి.