ఎర్ర మందు లెక్క

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి, పుత్తూరు. చెన్నైలో క్యాన్సర్ చూసే పెద్దాసుపత్రుల ఓపీలో పొద్దున పూట ఈ ఊళ్ళ పేర్లు వినబడుతూనే ఉంటాయి. హైదరాబాదు కన్నా దగ్గర, రైలు దిగితే ఆటో. 2019లో ఆరోగ్యశ్రీని చెన్నై ఆసుపత్రులకూ విస్తరించారు కూడా. వచ్చేవాళ్ళ చేతిలో బట్టల కొట్టు కవరొకటి ఉంటుంది. అందులో స్కాన్ ఫిల్ములు, బయాప్సీ రిపోర్టులు, మందుల షాపు బిల్లులు, ఎక్కడో అడుగున నాలుగు మడతలు పడిన కీమో చార్టు. దక్షిణ చెన్నైలో పనిచేసే ఒక తెలుగు డాక్టరమ్మ ఆ కవరును తానే బల్ల మీద గుమ్మరించి, తేదీల వారీగా పేర్చుకుంటారు. ఆ పని జూనియర్లకు వదలరు. ఆవిడ ఆసుపత్రిలో క్యాన్సర్ బృందమంతా రోగుల వివరాలు ఒకేచోట చూసుకునేలా కంప్యూటర్ తెర మీద డ్యాష్‌బోర్డు తయారుచేయిద్దామని అనుకున్నప్పుడు, ఆవిడను కమిటీలో వేసింది కూడా ఇందుకే.

కావలి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చూడండి. రొమ్ము క్యాన్సర్‌కు కొన్నేళ్ళ క్రితం వేరే ఊళ్ళో వైద్యం అయింది. ఇప్పుడు జబ్బు తిరగబెట్టింది. పాత డిశ్చార్జి కాగితంలో "కీమో పూర్తయింది" అని ఒక్క ముక్క ఉంది. ఏ మందు, ఎంత, ఎన్నిసార్లు అన్నది లేదు.

"ఎర్ర మందు ఎక్కించారా అమ్మా?"

"ఎక్కించారమ్మా. ఒంటేలు గూడా ఎర్రగా పొయ్యేది."

"ఎన్నిసార్లు?"

కొడుకు నాలుగన్నాడు. "ఆర్రా. కడాకరు రెండిట్లికి నువ్వు రాలా, మీ మామ తోడొచ్చినాడు" అందామె.

ఎర్ర మందంటే డాక్సోరుబిసిన్. రొమ్ము క్యాన్సర్‌కు ఒక్కో విడతలో శరీర వైశాల్యాన్ని బట్టి చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములు ఇవ్వడం మామూలు. నాలుగు విడతలైతే 240, ఆరైతే 360. ఈ మందు గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ ఒక్క రోజు మోతాదును బట్టి కాక, జీవితకాలంలో ఒంట్లోకి వెళ్ళిన మొత్తాన్ని బట్టి పెరుగుతుంది. ఆ మొత్తం 450 నుంచి 550 దాటకూడదని వైద్యులు హద్దు పెట్టుకున్నారు. 240 అయితే ఇంకా కొంత జాగా ఉంది. 360 అయితే ఆ మందు జోలికి వెళ్ళేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. చివరికి కవరు అడుగున చార్టు దొరికింది. ఆరే. చదువు రాని ఆ మనిషి చెప్పిన లెక్కే నిజమైంది.

డ్యాష్‌బోర్డులో డాక్టరమ్మ మొదట అడిగిన గడి ఇదే: జీవితంలో ఇప్పటిదాకా ఎక్కిన ఎర్ర మందు మొత్తం, అందులో ఈ ఆసుపత్రిలో ఇచ్చినదెంత, బయట ఇచ్చినదెంత. కంప్యూటర్ వాళ్ళు ఒక రోజులో చేసిచ్చారు. ఆవిడ చూసి వెనక్కి పంపారు. బయట వైద్యం వివరాలు ఎవరూ నింపకపోతే ఆ గడిలో సున్నా చూపిస్తోంది. సున్నా అంటే ఇవ్వలేదని అర్థం. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని. అడిగినా తేలలేదంటే అది మూడో సంగతి. ఈ మూడూ తెర మీద మూడు రకాలుగా కనబడాలని ఆవిడ పట్టు. "తెలియదు" అన్నది కూడా ఒక జవాబే, దాన్ని పసుపు రంగులో పెద్దక్షరాలతో చూపించండి, కింద అడిగినవాళ్ళ పేరూ తేదీ వేయండి అన్నారు. రంగు ఒక్కటీ చాలదనీ, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని కళ్ళు కొందరికి ఉంటాయి గనుక మాట కూడా ఉండాలనీ పట్టుబట్టారు.

ఇంత పట్టుదల ఎందుకని ఎవరైనా అడిగితే ఆవిడ బోస్టన్ కథ చెబుతారు. బెట్సీ లేమన్ 'బోస్టన్ గ్లోబ్' పత్రికలో ఆరోగ్య విషయాలు రాసే విలేకరి. 39 ఏళ్ళ మనిషి, రొమ్ము క్యాన్సర్. ప్రపంచంలో పేరున్న డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందును నాలుగు రోజుల మీద ఇవ్వాల్సిన మొత్తాన్ని ఒక్కో రోజు మోతాదుగా చదువుకుని, నాలుగు రోజులూ అంతంతే ఎక్కించారు. ఇవ్వాల్సిన దానికి నాలుగింతలు. 1994 డిసెంబరులో ఆమె చనిపోయింది. తప్పు జరిగిన సంగతి రెండు నెలలకు గానీ బయటపడలేదు. పట్టుకున్నది కూడా డాక్టర్లు కాదు, రికార్డుల్లోంచి అంకెలు నమోదు చేసే ఉద్యోగి. ఆ ఘటన తర్వాతే అమెరికాలో కీమో ఆర్డర్లను కంప్యూటర్‌తో సరిచూసుకోవాలన్న ఆలోచనకు ఊపు వచ్చింది. మోతాదు అంకె పక్కన "ఈ రోజుకు" అనో "మొత్తం నాలుగు రోజులకు" అనో రాసి ఉండటం ఎంత చిన్న విషయం! డాక్టరమ్మ తెరలో ఆ మాట లేకుండా ఏ అంకే కనబడదు. పక్కనే రోగి బరువు, ఆ బరువు ఏ తేదీన తూచారన్నదీ ఉంటాయి. మూడు విడతల కిందటి బరువుతో ఇవాళ్టి మోతాదు కట్టేస్తే, మధ్యలో ఆరేడు కిలోలు చిక్కిపోయిన మనిషికి మందు ఎక్కువవుతుంది.

ఈ తెర తయారుచేయడానికి ఓఎంఆర్‌లోని (పాత మహాబలిపురం రోడ్డు) సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన కుర్రాళ్ళు తెలివైనవాళ్ళు, కష్టపడే రకం. మొదట వాళ్ళు చూపించిన తెర చాలా అందంగా ఉంది. కారు స్పీడోమీటర్లలాంటి గుండ్రటి ముళ్ళు, ఆడ మగ నిష్పత్తికి రంగుల చక్రం, నెలవారీ రోగుల సంఖ్య. ఇవన్నీ యాజమాన్యానికి పనికొస్తాయి, తప్పులేదు. కానీ కీమో డే కేర్‌లో నిలబడ్డ నర్సుకు వాటిలో ఒక్కటీ అక్కర్లేదు. డాక్టరమ్మ వాళ్ళను డే కేర్‌కు తీసుకెళ్ళి గోడ మీది తెల్ల బోర్డు ముందు నిలబెట్టారు. నర్సులు మార్కర్‌తో గీసుకున్న గళ్ళవి. కుర్చీ నంబరు, పేరు, మందు, రక్తకణాల కౌంట్లు వచ్చాయా, ఫార్మసీకి చెప్పారా, సూది పడిందా. ఒక పేరు కింద రెండు గీతలున్నాయి. అదేంటని కుర్రాళ్ళు అడిగితే, ఇవాళ అదే పేరుతో ఇంకొకరు వచ్చారని నర్సు చెప్పింది. వాళ్ళ తెర రెండో రూపం ఆ బోర్డులోంచే పుట్టింది. ఒకే పేరున్నవాళ్ళు ఒకే రోజు వస్తే రెండు పేర్ల పక్కనా గుర్తు పడుతుంది. తమిళులు పేరుకు ముందు తండ్రి పేరు తాలూకు అక్షరం పెట్టుకుంటారు, మనవాళ్ళు ఇంటిపేరు పెట్టుకుంటారు. ఆధార్‌లో ఒక రకం, ఆరోగ్యశ్రీ కార్డులో ఇంకో రకం. ఒకే లక్ష్మమ్మ రెండు నంబర్లతో రిజిస్టరై, రక్తపరీక్షలు ఒక నంబరు మీదా స్కాన్లు ఇంకో నంబరు మీదా ఉండిపోవడం చెన్నైలో వింతేమీ కాదు.

ఈ చిక్కు కొత్తదీ కాదు. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి తన చెల్లెల్ని క్యాన్సర్ బలిగొన్న బాధను గుండెలో పెట్టుకుని అడయార్‌లో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించారు. మరుసటి ఏడు అక్కడ చేరిన డాక్టర్ వి. శాంత 2021లో కన్నుమూసే దాకా ఆ సంస్థే లోకంగా బతికారు. భారత వైద్య పరిశోధన మండలి దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీలు మొదలుపెట్టినప్పుడు మద్రాసు బాధ్యత ఆ సంస్థే తీసుకుంది. 1982 నుంచి నగరంలో బయటపడిన కేసులన్నీ లెక్కకెక్కించడం మొదలైంది. క్యాన్సర్ వచ్చినవాళ్ళ వివరాలు తప్పనిసరిగా తెలపాలన్న చట్టం అప్పట్లో లేదు. అందుకని రిజిస్ట్రీ మనుషులే ఆసుపత్రులకూ ల్యాబులకూ తిరిగారు, కార్పొరేషన్ మరణాల పుస్తకాలు తిరగేశారు. పేరు, వయసు, తండ్రి లేక భర్త పేరు, చిరునామా సరిపోల్చి, రెండుచోట్ల కనబడ్డ మనిషిని ఒక్కరిగా తేల్చారు. నగరంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఒకప్పుడు మొదటి స్థానంలో ఉన్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తగ్గుతూ, రొమ్ము క్యాన్సర్ దాన్ని దాటిపోయిందని మనకు తెలిసింది ఆ ఓపిక వల్లే. డాక్టరమ్మ కుర్రాళ్ళకు ఈ చరిత్రంతా చెప్పారు. కంప్యూటర్‌లో లేని సమాచారం కోసం ఎవరో ఒకరు లేచి వెళ్ళి అడగాలి, ఆ అడిగే మనిషికి మీ తెరలో చోటివ్వండి అన్నారు.

ఇక రేడియేషన్. మనవాళ్ళ మాటలో "కరెంటు పెట్టడం". గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటినుంచి 25 దాకా సిట్టింగులు, తర్వాత లోపలినుంచి ఇచ్చే బ్రాకీథెరపీ, మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి. ఆలస్యమైన కొద్దీ మిగిలిన క్యాన్సర్ కణాలు తిరిగి పెరుగుతాయి, జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గుతుంది. ఒకామెకు తెర మీద "18/25" అని ఆకుపచ్చగా కనబడుతోంది. అంతా సవ్యంగానే ఉందని ఎవరైనా అనుకుంటారు. కానీ సోమవారం మొదలుపెట్టి వారానికి ఐదు చొప్పున ఇస్తే పద్దెనిమిదోది 24వ రోజున పడాలి. ఆమెకు 32వ రోజున పడింది. సంక్రాంతికి ఊరెళ్ళి కొన్నాళ్ళు ఆగిపోయింది, బస ఖర్చు భరించలేక ఇంకొన్నాళ్ళు. ఎనిమిది రోజులు పోయాయి, ఆ నష్టం ఆ ఆకుపచ్చ అంకెలో ఎక్కడా లేదు. ఇప్పుడు సిట్టింగుల సంఖ్య పక్కన రోజుల సంఖ్య కూడా వస్తుంది, ఎన్ని రోజులు వెనకబడ్డారో ఎర్రగా చూపిస్తుంది. అది ముందే కనబడితే శనివారం కూడా ఇచ్చో, ఒకే రోజు కనీసం ఆరుగంటల ఎడంతో రెండు సిట్టింగులిచ్చో కొంత పూడ్చుకోవచ్చు. 2015 డిసెంబరు వరదలకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చాలా రైళ్ళు రద్దయ్యాయి. ఇలాంటప్పుడు ఎవరికి ఎన్ని రోజులు పోయాయో ఒక్క చూపులో తెలియడం ప్రాణాలతో ముడిపడ్డ విషయం.

జ్వరం కథ వేరు. కీమో ఎక్కించాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది అత్యవసరం. ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే ఒక లింఫోమా రోగి ఇలాంటి రోజుల్లోనే సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేశాడు. వణుకుగా ఉందని చెప్పాడు. ఫోన్ తీసిన అమ్మాయికి తెలుగు రాదు, అతనికి తమిళం అంతంత మాత్రం. పారాసెటమాల్ వేసుకుని పొద్దున రైలుకు వచ్చాడు. ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది. అదృష్టం కొద్దీ బయటపడ్డాడు.

ఇప్పుడు ప్రతి ఉదయం తెర మీద ఒక జాబితా వస్తుంది: ఎవరెవరు ఆ బలహీనపు రోజుల్లో ఉన్నారు, ఎక్కడున్నారు, ఏ భాషలో మాట్లాడాలి, ఫోన్ ఎవరు ఎత్తుతారు. చివరిది చాలా ముఖ్యం. ఫైల్లో ఉండే నంబరు తరచుగా బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకుది, జ్వరం ఉన్నది ఊళ్ళో తల్లికి. నర్సు వాళ్ళకు ఫోన్ చేసి జ్వరం, విరేచనాలు, నోటిపూత, ఆయాసం గురించి వరసగా అడుగుతుంది. అడగడం వల్ల ఏం ఒరుగుతుందని సందేహించేవాళ్ళకు న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఈథన్ బాష్ బృందం చేసిన పరీక్ష జవాబు చెబుతుంది. ముదిరిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 766 మందిలో కొందరు 12 లక్షణాలను తామే కంప్యూటర్‌లో తెలిపారు, తీవ్రమైతే నర్సుకు కబురందేది. 2017లో వెల్లడైన ఫలితం ప్రకారం వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 31.2 నెలలు, మామూలు పద్ధతిలో చూసినవాళ్ళది 26 నెలలు. ఐదు నెలలు! కొన్ని ఖరీదైన మందులు కూడా అంత ఇవ్వవు. అయితే కబుర్లు మరీ ఎక్కువైతే నర్సులు చూడటం మానేస్తారు. అందుకే డాక్టరమ్మ మోగే హెచ్చరికలను జ్వరానికీ, ఆయాసానికీ, మోతాదు హద్దు దాటడానికీ పరిమితం చేశారు. మిగిలినవి జాబితాలో మౌనంగా ఉంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగిన గడి ఒకటుంది. రోగికి ఏమని చెప్పారు? "అమ్మకు తెలియనివ్వొద్దు డాక్టరమ్మా, గడ్డని మాత్రం చెప్పాం" అని వరండాలో పట్టుకుని బతిమాలే కొడుకులూ కూతుళ్ళూ మన దగ్గర ఎందరో. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన నర్సుకు ఆ మాట తెలియదు, మంచం పక్కన నోరు జారుతుంది. ఆ గడి పెడితే దాచిపెట్టడానికి మనమే దారి వేసినట్టవుతుందని కమిటీలో ఒకరన్నారు. డాక్టరమ్మ మాత్రం రోగికి తన జబ్బు తెలుసుకునే హక్కుందనీ, కానీ ఆ మాట తీరిగ్గా కూర్చుని ఆమె అడిగినంత మేర చెప్పాల్సిన డాక్టరు నోటినుంచే రావాలనీ వాదించారు. గడి ఉంది. దాని పక్కన "మళ్ళీ ఎప్పుడు మాట్లాడాలి" అన్న తేదీ కూడా ఉంది, అది దాటిపోతే డాక్టరు పేరు మీదే బాకీగా కనబడుతుంది. డే కేర్ గోడ మీది పెద్ద తెరలో మాత్రం జబ్బు పేరు, దశ ఏవీ కనబడవు. కుర్చీ నంబరూ, మందు వచ్చిందా లేదా అన్నదీ అంతే. జబ్బు వివరాలు అక్కడ కూర్చున్న బంధువులందరూ చదవడానికి రోగి అనుమతించిన సమాచారం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, మర్యాద అనేది ఒకటుంది.

ఇప్పుడు ప్రతి విభాగమూ తనకొక గడి కావాలంటోంది. ఎవరడిగినా ఆవిడ రెండే ప్రశ్నలు వేస్తారు: ఎవరు నింపుతారు, ఎప్పుడు నింపుతారు? జవాబు లేని గళ్ళు చాలా రాలిపోయాయి. సోషల్ వర్కర్ అడిగిన "బస" గడిని మాత్రం మొదట అందరూ కాదన్నారు, అది వైద్యం కిందికి రాదన్నారు. ఆమె పాత కేసులు ముందు పెట్టింది. కరెంటు మధ్యలో ఆపేసిన దూరపు ఊళ్ళవాళ్ళలో చాలామంది రోజూ పోనూ రానూ తిరగలేకా, చెన్నైలో గది అద్దె కట్టలేకా ఆగినవాళ్ళే. ఇప్పుడు ఆ గడి సిట్టింగుల లెక్క పక్కనే ఉంది. రోగి ఎక్కడ ఉంటున్నదీ, ఎన్నాళ్ళు ఉండగలిగేదీ సోషల్ వర్కర్ రాసేదాకా రేడియేషన్ విభాగం మొదటి తేదీ ఇవ్వదు. ఎక్కడా దొరకకపోతే ధర్మసత్రంలోనో, ఆసుపత్రి విడిదిలోనో చోటు చూసే పని ఆ రోజు సాయంత్రంలోగా ఆమెదే.