దోర్నకల్లు దేవాలయము - పిడికెడు బియ్యము

దోర్నకల్లు జంక్షనులో రైలు దిగి మేము ఊరిలోని మహాదేవాలయమును దర్శించితిమి. గుమ్మటములును, మినారులును, గుడి మండపములను బోలిన స్తంభములును అందొక్కచో నమరియున్నవి. దీనిని కట్టించినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పైన తొలి భారతీయులు. 1939 జనవరి 6వ తేదీన, ప్రత్యక్షతా పండుగనాడు, దీనికి ప్రతిష్ఠ జరిగెను.

సోదరీమణులారా, ఇంతటి మందిరము నీడనున్న పల్లె సంఘములలో స్త్రీలకొక చక్కని వాడుక యుండెను. ఎసట బియ్యము పోయుటకు ముందే పిడికెడు తీసి వేఱొక కుండలో వేయుదురు. కూడిన దానిని గుడికి తెచ్చి కానుకగా నర్పింతురు. వారిలో పెక్కుమంది కూలి చేసికొని బ్రతుకువారు. తెచ్చుకొన్న గింజలు ఇంటిల్లిపాదికిని చాలని దినములును గలవు. అట్టి దినమునను తొలి పిడికిలి దేవునిదే.

కడుపు నిండిన పిదప కృతజ్ఞత చెప్పుట యెవరికైనను సులభము. ఎసరు కాగుచుండగా, పిల్లలు ఆకలియని చెఱగు పట్టి లాగుచుండగా, పిడికెడు వేఱుగా తీయుట కష్టము. అట్లు తీయునామెకు, ఈ యన్నము దేవుడిచ్చినదను తలంపు పూటపూటకును కలుగును.

జ్ఞానులు బాలయేసునకు బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించుటను స్మరించు పండుగ పేరే యీ దేవాలయమునకు గలదు. ఆ కానుకల సరస నీ పిడికెడు బియ్యమును ఉంచదగును.

మనమును బియ్యపు డబ్బా ప్రక్కన నొక చిన్న ముంత నుంచుకొందము. అది నిండిననాడు ఆకలిగొన్న యింటికి పంపుదము.