వెనుకబల్ల

గోదావరిఖనిలో మా పొరుగున, బాయి పని విరమించిన పెద్దాయన మొన్న ఒక పింఛను జాలస్థలిని తెరచి, "సారూ, అచ్చరాలు కనబడ్తలెవ్వు, నా కండ్లు పోయినట్టున్నయ్" అని చిన్నబుచ్చుకొన్నారు. చూచాను: తెల్లని పుటపై లేత బూడిదరంగు వ్రాత! నెత్తిమీది దీపపు వెలుతురులో భూగర్భాన హెచ్చరిక పలకలు చదివిన కన్నులవి. "దోషం మీ కన్నులది కాదు, ఆ పుటది" అన్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నల్లబల్లమీది పాఠం చదువలేని వెనుకబల్ల పిల్లవాణ్ణి గద్దించాను. పిదప ఆ చోట కూర్చొని చూచి, సిగ్గుపడి, అక్షరం పెద్దది చేశాను.

2008 నాటి అంతర్జాతీయ జాల ప్రమాణాలు (డబ్ల్యూసీఏజీ 2.0) మామూలు పరిమాణపు అక్షరాలకూ, వెనుకనున్న రంగుకూ వెలుగులో కనీసం 4.5:1 భేదముండాలన్నాయి. మిత్రులారా, ఆ లెక్క తెలియకున్నా, జాలస్థలి కట్టేవారు ఒక్కమారు వెనుకబల్లపై కూర్చొని చూస్తే చాలు.