ఎట్లా కలిపినావు నాయనా?



పోయిన నెల కూటంలో మా మేనల్లుడి పేటెంటు సంగతి ఏమైందని నలుగురైదుగురు అడిగినారు. మైకు ముందర రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు, రాసి పెడతామన్నాము. ఇదిగో రాస్తున్నాము. ఎప్పటి మాదిరే నిడివి ఎక్కువ. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు అక్షరాలు రిటైరైనాక సంఘం క్లాసులో పిల్లల పక్కన కూచుని నేర్చుకున్నవి. ఒత్తులు తప్పితే మన్నించండి. మేము అంటే మా ఇంటామె కూడా చేరి. ఈ కథలో అసలు ప్రశ్న అడిగింది ఆమే.

పిల్లవాడు మా అక్క కొడుకు. కోయంబత్తూరులో గణపతి పక్క చిన్న వర్క్‌షాపు పెట్టుకుని బోరు మోటార్లకు కంట్రోల్ ప్యానెళ్ళు చేస్తాడు. ప్యానెల్ డబ్బా తెరిస్తే లోపల రెండు బోర్డులుంటాయి, ఒకదాని మీద ఒకటి. కింది బోర్డులో రిలేలు, కరెంటు తాలూకు బరువు పని. పై బోర్డులో చిప్పు, డిస్‌ప్లే, అంటే బుర్ర. రెంటినీ కలిపేది పదహారు తీగల పట్టీ. వాళ్ళు ఎఫ్‌ఆర్‌సీ కేబుల్ అంటారు. తోటలో మోటారు వేసినప్పుడల్లా, ఆపినప్పుడల్లా కాంటాక్టరు ఠప్పున కొడుతుంది, డబ్బా అంతా అదురుతుంది. ఆ అదురుకు కొన్నాళ్ళకు పట్టీ ఒక పక్క లేచి వదులౌతుంది. అప్పుడు పై బోర్డు ఆపమని మొత్తుకున్నా కింది బోర్డుకు వినబడదు. బోరులో నీళ్ళు అయిపోయినా మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. దాన్ని పైకి లాగి కాయిలు చుట్టించే ఖర్చేమిటో తోట ఉన్నవాళ్ళకు మేము చెప్పనక్కరలేదు.

వాడి ఉపాయం ఇది. పదహారు తీగల్లో మొదటిదాన్నీ చివరిదాన్నీ వేరే పనికి వాడకుండా వదిలిపెట్టినాడు. కింది బోర్డు నుంచి సన్నని కరెంటు మొదటి తీగలో పైకి పోతుంది, పై బోర్డును నిలబెట్టే రెండు ఇత్తడి స్పేసర్ల గుండా తిరుగుతుంది, చివరి తీగలో కిందికి వస్తుంది. పట్టీ ఏ కొస లేచినా, బోర్డు ఒరిగినా, ఆ చుట్టు తెగుతుంది. తెగితే కింది బోర్డు తనంతట తానే మోటారును ఆపేస్తుంది. అయితే ప్రతి అదురుకూ ఆగిపోతే రైతు ప్యానెల్ తెచ్చి మొహాన కొడతాడు. అందుకని ఎంతసేపు తెగి ఉంటే నిజంగా వదులైనట్టు అనే లెక్క ఒకటి కావాలి. ఆ లెక్క కోసం వాడు ఆరు నెలలు తోటల వెంట తిరిగినాడు. అక్క గాజులు తాకట్టు పెట్టిన డబ్బు అప్పుడే కరిగింది.

2021 మార్చిలో పేటెంటుకు వేసినాడు. ఏజెంటుకు ఇచ్చే స్తోమత లేక, ఎవరిదో పాత కాగితం ముందర పెట్టుకుని తానే రాసినాడు. ఒక మనిషి తన పేరున ఆన్‌లైన్‌లో వేసుకుంటే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరిశీలన కోరే ఫారం 18కి 4,000. 30 పేజీల వరకు, 10 క్లెయిముల వరకు అదనం ఏమీ లేదు. వీడు రాసింది 9 పేజీలు! రైల్వేలో ఒక సైకిలు పోయిందని వచ్చిన ఫైలు అంతకంటే లావుగా ఉండేది.

మన సభ్యులకు పనికొచ్చే మాట ఒకటి ఇక్కడే చెప్పేస్తాము. తమిళనాడు, కర్ణాటక, కేరళ, ఆంధ్ర, తెలంగాణ, పుదుచ్చేరి వాళ్ళకు పేటెంటు ఆఫీసు చెన్నై గిండీలో ఉంది. అంటే యానాం వాళ్ళకూ అదే. ఒడిశా వాళ్ళది కోల్‌కతా, మహారాష్ట్ర వాళ్ళది ముంబై. కాగితాలు ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఉండాలి. తమిళం కుదరదు, తెలుగు కుదరదు. మా వాడు ఇంట్లో తెలుగు, వర్క్‌షాపులో తమిళం, ఆలోచన రెండూ కలిసి. రాయాల్సింది ఇంగ్లీషు. సగం సంగతి ఆ దారిలోనే జారిపోయిందని మా అనుమానం.

2023లో ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. ఆ తేదీ నుంచి ఆరు నెలల్లో జవాబియ్యాలి. వాడు దాన్ని పట్టుకుని పోదనూరు మా ఇంటికి వచ్చినాడు. "మామా, నువ్వు ఆపీసు కాగితాలతో బతికినోడివి, ఇది ఏమంటుందో చూడు" అన్నాడు.

పాత పేటెంట్లు రెండు మూడు చూపించి ఇందులో కొత్త ఏముందని అడగడం ఒక భాగం. దానికి వాడి దగ్గర స్పేసర్ల జవాబు ఉంది. రెండో భాగమే గుచ్చుకుంది. క్లెయిములో వాడు రాసింది, మొదటి బోర్డు, రెండో బోర్డు, రెంటినీ కలిపే సాధనం, ఆ కలయిక తెగితే కనిపెట్టే సాధనం అని. ఎట్లా కలిపినా నాదే కావాలని ఆశ. కానీ లోపల వివరించింది పదహారు తీగల పట్టీ ఒక్కటే, బొమ్మ వేసిందీ అదొక్కటే. పేటెంటు చట్టం 1970లో 10వ సెక్షన్ ఉంది. దాని 4వ ఉపసెక్షన్ ప్రకారం కనిపెట్టినదాన్నీ, అది పనిచేసే తీరునూ, చేసే పద్ధతినీ పూర్తిగా, విడివిడిగా వివరించాలి. తనకు తెలిసిన అన్నిటికన్నా మంచి పద్ధతి ఏదో అది చెప్పాలి. 5వ ఉపసెక్షన్ ప్రకారం క్లెయిములు ఆ వివరించినదాని మీదే ఆనుకుని ఉండాలి. రిపోర్టు అడిగింది అదే. కలిపే సాధనం అంటున్నారు, అన్ని రకాల సాధనాలకూ ఆధారం ఎక్కడ?

వాడికి కోపం వచ్చింది. "రెండు బోర్డులు కలపడం కూడా చెప్పాలా మామా? ఐటీఐ పిల్లవాడికి తెలుసే!"

వంటింట్లోంచి మా ఇంటామె వచ్చింది. ఆమె ముప్పై ఏళ్ళు కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టింది. బోర్డులంటే ఆమెకు తెలిసింది స్టేషను పేరు బోర్డు. "ఎట్లా కలిపినావు నాయనా?" అనింది. "కలిపినానంటే కుదురుతుందా? గుచ్చినావా, అతికినావా, కట్టినావా, తగిలించినావా? జాకెట్టుకు ముందర పక్క మూసుకునేటట్టు పెట్టమంటారు. హుక్కా, బటనా, ప్రెస్ బటనా అని అడగకుండా నేను కత్తెర పట్టేదాన్నా?"

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత సంచిలోంచి పాత నోటుబుక్కు తీసినాడు. అందులో మూడు రకాలు గీసి ఉన్నాయి, వాడి చేతి రాతతో, తేదీలు వేసి. పట్టీ ఒకటి. పై బోర్డు పిన్నులు నేరుగా కింది బోర్డు సాకెట్టులో దిగేది ఒకటి. అంచుకు అంచు జారేది ఒకటి. మూడూ 2020 నాటివి. దరఖాస్తులో మటుకు ఒక్కటే. బొమ్మలు వెయ్యడానికి ఓపిక లేక, మిగతావి ఎవరైనా ఊహించుకుంటారులే అనుకున్నాడంట.

మేము పార్సిలు, గూడ్సు ఆఫీసుల్లో గుమాస్తాగిరీ చేసినవాళ్ళం. సరుకు బుక్ చేసేవాడు ఫార్వర్డింగ్ నోటు రాసియ్యాలి, లోపల ఏముందో వాడే రాయాలి. రైల్వే చట్టం 1989లో దానికి 64, 66 సెక్షన్లున్నాయి. మూట విప్పి మేము చూడము. అందుకే రసీదు మీద 'ఇందులో ఫలానా ఉందని చెప్పబడింది' అనే అర్థం వచ్చేటట్టు వేస్తాము. ఒకసారి ఒక వ్యాపారి మోటారు రాగి తీగ పంపుతూ, ఛార్జీ తగ్గుతుందని ఇనుప సామాను అని రాసియిచ్చినాడు. మూట దారిలో తప్పిపోయింది. ఆ మనిషి రాగి అని ఏడ్చినాడు, కొన్న బిల్లు చూపించినాడు, వాళ్ళమ్మ మీద ఒట్టు వేసినాడు. నిజమే చెబుతున్నాడని మాకు తెలుసు. కానీ మా ముందున్న కాగితంలో ఇనుము ఉంది. ఆ మొహం ఇన్నేళ్ళకు మా అల్లుడి మొహంలో కనబడింది.

అమెరికా చట్టంలో దీన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారంట, వాడే ఫోనులో చదివి వినిపించినాడు. అక్కడ 112వ సెక్షన్ కింద రాతపూర్వక వివరణ అనేది వేరే నియమమని 2010లో అరియాడ్ అనే కంపెనీకీ ఎలి లిల్లీకీ నడిచిన కేసులో పెద్ద బెంచి తేల్చింది. చదివినవాడు చేసుకోగలిగితే చాలదు, దరఖాస్తు వేసిన నాటికి ఆ వస్తువు నీ వశంలో ఉందని ఆ కాగితమే చూపాలి. నోటుబుక్కు కాదు, కాగితం. 1998లో ఒక సోఫా కేసు కూడా ఉంది, జెంట్రీ గ్యాలరీది. వెనక్కి వాలే సీట్లు రెండు, మధ్యలో చిన్న బల్ల, మీటలు ఆ బల్ల మీద. వివరణలో మీటలకు చోటు ఆ బల్లే అన్నట్టు రాసి, క్లెయిములో మాత్రం మీటలు ఎక్కడున్నా మాదే అన్నారు. ఆ క్లెయిములు చెల్లవని కోర్టు కొట్టేసింది. మా ఇంటామెకు ఈ సోఫా కేసు చాలా నచ్చింది. వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంది.

సరే, ఇప్పుడు ఆ రెండు రకాలూ చేరుస్తామని వాడన్నాడు. అక్కడే 59వ సెక్షన్ అడ్డం నిలబడింది. క్లెయిమును కుదించుకోవచ్చు, తప్పు దిద్దుకోవచ్చు, తేటపరచవచ్చు. మొదటి రాతలో లేని సంగతి మటుకు కొత్తగా తెచ్చి పెట్టకూడదు. కొత్త దరఖాస్తు వేద్దామంటే, నేరుగా దిగే పిన్నుల రకం ప్యానెళ్ళను వాడు 2022 నుంచే అంగళ్ళకు అమ్ముతున్నాడు. పట్టీ కంటే అదే చవక, అదే గట్టి. బజారుకెక్కిన వస్తువు ఇంక కొత్తది కాదు, అమ్మింది తానే అయినా సరే. మొదట ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టి ఉంటే పూర్తి దరఖాస్తుకు 12 నెలల వ్యవధి దొరికేది, అందులో తీరిగ్గా బొమ్మలు వేసుకునేవాడు. ఆ సంగతి వాడికి తెలిసింది ఆ రోజు మా ఇంట్లోనే.

ఇంకొకటి మిగిలింది, చెప్పడానికి మాకే కొంచెం సిగ్గు. ఆ లెక్క, ఎంతసేపు తెగితే ఆపాలి అనేది, దరఖాస్తులో 'తగినంత సేపు' అని మటుకు ఉంది. ఎంత తగినంత అని రిపోర్టు అడిగింది. ఇది మరపు కాదు. వాడు కావాలనే దాచినాడు. ఎదురు వీధివాడు చదివి చేసుకుంటాడని భయం. మేము గట్టిగానే అన్నాము, "ఒరేయ్, సర్కారు నీకు 20 ఏళ్ళు హక్కు ఇచ్చేది నువ్వు దాచకుండా చెప్పినందుకే. హక్కూ కావాలి, గుట్టూ కావాలి అంటే ఎట్లా?" మా అక్క పక్కనే ఉంది. కొడుకును అంటే ఆమెకు పట్టదు. "ఆరు నెలలు ఎండలో తిరిగి కనుక్కున్నది ఊరికే రాసేస్తారా?" అనింది. ఆమె మాటలో న్యాయం లేదని మేము అనలేము. గాజులు పోయింది ఆమెవే.

ఆ రాత్రి 9 పేజీలూ, బొమ్మలూ మళ్ళీ మళ్ళీ తిప్పినాము. పార్సిలు రిజిస్టర్లు చూసిన కళ్ళు కదా, అక్షరం కంటే అంకె ముందర కనబడుతుంది. నాలుగో బొమ్మ పని నడిచే వరుస చూపే గడుల బొమ్మ. మూడో గడిలో చీమ తల అంత అక్షరాల్లో 200 మిల్లీసెకండ్లు అని ఉంది. వాడు రాతలో అంతటా తీసేసినాడు, బొమ్మలో తీయడం మరిచిపోయినాడు!

59వ సెక్షన్ వివరించినది అనడంతో ఊరుకోలేదు, చూపించినది అని కూడా అంటుంది. బొమ్మలో చూపించిందీ చూపించినట్టే కదా అని పట్టుకున్నాము. దాచుకున్నదేదో అది పోయింది. మరిచి వదిలిందే నిలబడింది. మా అక్క నవ్వలేక ఏడవలేక లేచి కాఫీ పెట్టింది.

జవాబులో క్లెయిము కుదించినాము. కలిపే సాధనం అనేది పోయి పట్టీ అని వచ్చింది, మొదటి తీగ, చివరి తీగ, స్పేసర్లు అన్నీ వచ్చినాయి, 200 మిల్లీసెకండ్లు వచ్చింది. 2024లో విచారణ, వీడియోలోనే. అధికారి మర్యాదగా మాట్లాడినాడు. నాలుగో బొమ్మ తెరిచి పెద్దది చేసి చూసుకున్నాడు. స్పేసర్ల గురించి రెండు ప్రశ్నలు అడిగినాడు. నేరుగా దిగే పిన్నుల రకం కూడా మాదేనండీ అని మా వాడు నోరు జారినాడు. అది ఎన్నో పేజీలో ఉందని ఆయన అడిగినాడు. వీడు తల దించుకున్నాడు. 15 రోజుల్లో రాతపూర్వకంగా పంపమన్నారు, పన్నెండో రోజే పంపినాము. ఉత్తరువు ఇంకా రాలేదు. వచ్చినా అది పట్టీ రకానికే. వాడు ఇప్పుడు అమ్ముతున్నది పిన్నుల రకం. ఎదురు వీధివాడు కూడా అదే చేస్తున్నాడని పోయిన వారం చెప్పి పోయినాడు.

దీపావళికి ఇంకో కొత్త ఉపాయం పట్టుకుని వచ్చినాడు, ఈసారి నీళ్ళ ట్యాంకుది. రాత ఇంకా మొదలుపెట్టలేదు, నోటుబుక్కు మటుకు తెచ్చినాడు. మా ఇంటామె కళ్ళద్దాలు పెట్టుకుని వాకిట్లో కూచుంది. మొదటి బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది దేనికి తగిలించినావు, దేంతో?" అనింది. వాడు పెన్సిలు తీసుకున్నాడు.