చెఱబడినవారి మాట

యుద్ధకథలయందు పిల్లలకు సహజముగనే మక్కువ యెక్కువ. పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమున గెలిచినవాని గుఱ్ఱము, కత్తి, కోట వారి కన్నులకు గట్టినట్లుండును. ఓడి చేజిక్కినవాని సంగతి యడుగువారు అరుదు. పాఠ్యపుస్తకమునందును ‘రాజు బందీ యయ్యెను’ అను వాక్యముతో ప్రకరణము ముగియును. ఆ తరువాత నా మనుష్యుడు ఎన్నేండ్లు బ్రదికెను, ఏమి తినెను, ఇంటివారికి కబురెట్లు పంపెను అనునవి చరిత్రమే కానట్లు మన బిడ్డలు పెరుగుచున్నారు. ఇది చిన్న లోపము కాదని మా తలంపు. సోదరీమణులు దీనిని గూర్చి యొక్కింత యోజింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చార్మినారునకు చేరువనున్న మొఘల్‌పురాలో మా కాపురము. మా వారు ఉపాధ్యాయులు. ఆదివారపు సాయంకాలములందు వారి శిష్యులు కొందఱు, ఆడపిల్లలును మగపిల్లలును, మా యింటి వసారాలో గూడుదురు. ఇంట తెలుగు మాటాడువారును, ఉర్దూ మాటాడువారును కలిసియే కూర్చుందురు. మా వారు చరిత్రము చెప్పుదురు. పుట్టినింట తండ్రిగారి యొద్ద చదివిన భారత భాగవతముల బలముచే మేమును నడుమ నడుమ కలుగజేసికొందుము. గడచిన వేసవిలో యుద్ధబందీలను గూర్చి కొన్ని వారములు ముచ్చటించితిమి.

మొదటినాడే యొక బాలుడు, “అమ్మగారూ, చావక చేజిక్కినవాడు వీరుడెట్లగును?” అని యడిగెను. తక్కినవారును తలలూచిరి. ఈ ప్రశ్న నేటిది కాదు. ఘోషయాత్రలో దుర్యోధనుడు గంధర్వులకు జిక్కెను. ధర్మరాజు తమ్ములను బంపి విడిపించెను. విడిపింపబడిన పిదపనే అతడు సిగ్గుచే ప్రాయోపవేశమునకు సిద్ధపడినట్లు అరణ్యపర్వమున ఎఱ్ఱన పూరించిన భాగమునందు కలదు. కట్లు విప్పినను సిగ్గు వీడలేదన్నమాట. ఇక భాగవత ప్రథమస్కంధమున అశ్వత్థామ కథ యున్నది. నిదురించు బిడ్డలను జంపినవానిని అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది యెదుట నిలిపెను. భీముడు చంపవలెననెను. కడుపుకోతతో నున్న ఆ తల్లియో, తనవలె వీని తల్లి కృపియు నేడువవలదని విడువుమనెను. చేజిక్కినవానిని ఏమి చేయవలెనను ప్రశ్నకు మన పురాణమున మొదట బదులు చెప్పినది ఒక స్త్రీ. ఈ మాట విని పిల్లలు కొంతసేపు మిన్నకుండిరి. అయినను పురాణము ధర్మమును దెలుపును గాని, నడచినదానికి సాక్ష్యము వేఱుగా వెదకవలెనని మా వారు హెచ్చరించిరి.

సాక్ష్యమునకు దూరము పోనక్కఱలేదు. మా పేట పేరులోనే మొఘలు శబ్దమున్నది. గోలకొండ కోట మాకు పూటప్రయాణము కూడ కాదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది మాసములు ముట్టడించి, సెప్టెంబరులో కోట వాకిలి లోపలివాని ద్రోహముచే తెఱువబడగా దానిని గైకొనెను. కడపటి కుతుబ్‌షాహీ ప్రభువు అబుల్ హసన్, మన తానీషా, బందీయై దౌలతాబాదు దుర్గమునకు బంపబడెను. సుమారు పండ్రెండేండ్లు అచ్చటనే యుండి మరణించెను. ఆయన సమాధి ఖుల్దాబాదులో నున్నది. పిల్లలను ఏడు గుమ్మటములకు గొనిపోయి, “ఇందు తానీషా సమాధి యేది?” అని యడిగితిమి. వెదకి వెదకి లేదనిరి. చరిత్రమునకు శాసనమే కాదు, ఉండవలసినచోట లేకపోవుటయు నొక ఆధారమని వారికి ఆనాడు బోధపడెను.

తరువాత రెండు గ్రంథములను పోల్చితిమి. ఒకటి సాఖీ ముస్తైద్‌ఖాను 1710లో ముగించిన మఆసిర్-ఎ-ఆలంగీరీ. జదునాథ్ సర్కారుగారి ఆంగ్లానువాదము 1947లో వెలువడినది. రెండవది ఖాఫీఖాను ముంతఖబ్-ఉల్-లుబాబ్. కోట పడిన నలువదేండ్లు దాటిన పిదప వ్రాయబడినది. మొదటిది విజేత కొలువు కాగితముల నుండి పుట్టినది గావున గెలుపును బొగడుటయే దాని పని. ఖాఫీఖాను మాత్రము ఓడినవాని గదిలోనికి మనలను దీసికొని పోవును. శత్రువులు లోనికి వచ్చుచున్నారని విని అబుల్ హసన్ అంతఃపురమున కేగి స్త్రీలనూరార్చి, తప్పులు మన్నింపుడని వేడి, సెలవు గైకొనెనట. పిదప కొలువుకూటమున గూర్చుండి, భోజనవేళ యగుటచే వడ్డింపుమని యానతిచ్చి, తన్ను బట్టవచ్చినవారికి మర్యాదగా సలాము చేసెనట. ఇదియంతయు నిజమేనా యని యొక బాలిక సందేహించెను. సందేహించుట మంచిదే యంటిమి. నలువదేండ్ల తరువాత వ్రాసినవాడు ఎవరివలన వినెను? వినినవారు ఓడిన ప్రభువును ప్రేమించినవారా? ఆ స్త్రీల పేర్లేవి? ఇట్టి ప్రశ్నలను పలకమీద వరుసగా వ్రాయించితిమి.

మొదటినాటి బాలునకు బదులును ఆ గ్రంథముననే దొరకినది. అబ్దుర్ రజాఖ్ లారీ యను సర్దారు కోట వాకిలియొద్ద దాదాపు ఒంటిగా పోరాడి, ఒడలెల్ల గాయములై పడిపోయి శత్రువులకు జిక్కెను. బాదుషాయే వైద్యులను బంపి యతనిని బ్రదికించెనని ఖాఫీఖాను వ్రాసినాడు. “ఇతడు పిఱికియా?” అని మా వారడుగగా బాలుడు లేదని తల యాడించెను.

గోలకొండలో రామదాసు బందీఖానా యని చూపు చీకటిగదియు గలదు. కంచెర్ల గోపన్న యుద్ధబందీ కాడు. భద్రాచలపు గుడికై సర్కారు పైకము వెచ్చించెనని తానీషా యేలుబడిలో చెఱసాలపాలైనట్లు పరంపర చెప్పును. ఈ భేదమును పిల్లలకు స్పష్టము చేయవలెను. నేరము మోపి చెఱనుంచుట వేఱు, పోరున జిక్కినవానిని పోరు ముగియువఱకు నిలుపుట వేఱు. అయినను వారిరువురిని ప్రక్కప్రక్క నుంచి చూచిన నొక వింత తోచును. గోపన్న మొఱ మన యిండ్లలో నేటికిని వినవచ్చుచున్నది. వంటయింట పనిచేసికొనుచు, బిడ్డలను జోకొట్టుచు మన తల్లులు, అవ్వలు పాడి పాడి ఆ కీర్తనలను నిలిపిరి. ఆయనను చెఱబెట్టిన ప్రభువు పిమ్మట తానే చెఱబడెను గాని, దౌలతాబాదు గోడల నడుమ ఆయన పలికిన మాట మన నాలుకల కెక్కలేదు. బందీ మాట నిలుచుటకు దానిని మోయు నోళ్లు కావలెను.

కోటల కాలము దాటి మన తాతల కాలమునకు వచ్చితిమి. బెర్లినునకు సమీపమున వున్స్‌డార్ఫ్ శిబిరములో 1916 డిసెంబరు 11వ తేదీన మల్‌సింగ్ అను పంజాబు సిపాయి కంఠమును జర్మను పండితులు యంత్రమున నెక్కించిరి. అది నేటికిని హంబోల్ట్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. అతడు ఇంటియొద్ద తిన్న వెన్నను దలచుకొనుచు, స్వదేశమునకు పోవలెనను కోరికను ఎవరో యన్యుని కథవలె జెప్పును. “పట్టినవారు ఎదుట నుండగా ‘నేను’ అనుటకు జంకెనేమో” అని యొక పిల్ల యనెను. ఆ ‘ఏమో’ యను మాటను విడువవలదని మేము చెప్పితిమి. ఊహ ఊహగానే యుండవలెను.

మన హైదరాబాదువాడైన ఆబిద్ హసన్ సఫ్రానీ చరిత్రము పిల్లల నెక్కువ కలవరపెట్టినది. 1911లో జన్మించి, జర్మనీలో చదువుచు, సుభాష్‌చంద్ర బోసుతో జేరి, ఉత్తరాఫ్రికాలో జర్మనులకు జిక్కిన భారతసైనికులను అన్నాబర్గ్ శిబిరమున గలిసికొని స్వాతంత్ర్యసేనలో జేరుడని కోరినవాడాయన. యుద్ధము ముగియగా తానును నిర్బంధమున బడెను. స్వతంత్రభారతమున రాయబారియై 1984లో హైదరాబాదులోనే కన్నుమూసెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడినపుడు జపానువారికి జిక్కిన భారతీయులు నలువదివేలకు పైబడిరి. వారిలో కొందఱు ఆజాద్ హింద్ ఫౌజులో జేరిరి. కొందఱు చేసిన ప్రమాణమునకు గట్టుబడి చేరరైరి. అట్లు చేరనివారిలో ననేకులు న్యూగినీ వంటి దూరద్వీపములకు దరలింపబడి యాకలిచే, రోగములచే నశించిరి. ఎవరు చేసినది ఒప్పని పిల్లలు వాదులాడుకొనిరి. ముళ్లకంచె లోపల నున్నవాని యెదుట ఎన్ని దారులుండెనో ముందు లెక్కింపుడని మా వారు వారి వాదము నాపిరి.

ఆనాడు వాదములో పలుకక కూర్చున్న యొక బాలిక అందఱు వెళ్లిన పిదప నిలిచి, “అమ్మగారూ, మా ముత్తాతయు సింగపూరులో జిక్కినాడట. మా యింట ఆయన మాట యెత్తరు” అని మెల్లగా జెప్పెను. ఆమె నాయనమ్మను మఱుసటి వారము మా యింటికి బిలిచితిమి. ఆ పెద్దామె చెప్పినది స్వల్పము. ఆమె తండ్రి తిరిగివచ్చిన తరువాత రాత్రులు వీధితలుపు గడియ వేయనిచ్చెడివాడు కాడట. విస్తరిలో నొక మెతుకు మిగిలినను సహింపడట. దొంగలు వచ్చెదరని తల్లి పోరిన, “రానిమ్ము” అనెడివాడట. శిబిరమున నేమి జరిగెనో యొక్కనాడును చెప్పలేదు. చుట్టములు ఓడివచ్చినవాడని వెనుక ననుచుండగా కుటుంబమంతయు నోరు మూసికొన్నది. పిల్లలు దీనిని చెప్పినవారెవరు, ఎవరివలన తెలిసినది, ఏ తేదీన వినిరి అను వివరములతో వ్రాసికొనిరి. మఆసిరుకు అడిగిన ప్రశ్నలనే నాయనమ్మ మాటకును వినయముగా నడిగిరి. ఆమెకు కోపము రాలేదు. “ఇన్నాళ్లకు అడిగినారు, అదే చాలును” అనెను.

ఈ సంగతి విని మా పేటలోని యొక తల్లి, “పసివాండ్రకు ఈ దుఃఖపు ముచ్చట లేల?” అనిరి. దుఃఖమునకే కాదు, నియమమునకును ఇది పాఠము. 1949 ఆగస్టు 12న జెనీవాలో కుదిరిన మూడవ ఒడంబడిక ప్రకారము బందీ తన పేరు, హోదా, పుట్టినతేదీ, సంఖ్య తప్ప మఱేమియు జెప్ప బద్ధుడు కాడు. నెలకు కనీసము రెండు లేఖలు, నాలుగు కార్డులు పంపుకొను హక్కు వానికి గలదు. 1950లో మన దేశమును దాని నంగీకరించినది. అంతకు ముందటి యుద్ధమున జపాను శిబిరముల నుండి వచ్చిన కొన్ని కార్డులపై వాక్యములు ముందే యచ్చు వేయబడి యుండెడివి. బందీ చేయవలసినది ఖాళీలు నింపుటయే. మా పిల్లలకు అట్టి చిన్న కార్డులిచ్చి, పట్టినవాడు చదువునని యెఱిగి యింటికి వ్రాయుడంటిమి. తొలుత నవ్విరి, పిదప చాలసేపు కలము కదల్పలేకపోయిరి.

సోదరీమణులారా, దీనికి గొప్ప గ్రంథాలయము లేకున్నను గడచును. బిడ్డలు యుద్ధకథ చదువునపుడు ప్రక్క గూర్చుండి, ఇది వ్రాసినవారు గెలిచినవారా, ఓడినవారా, ఎన్నేండ్లకు వ్రాసిరి, ఇందు పలుకనివా రెవరు అని యడుగుడు. మీ వంశమున సైన్యమునకు బోయి చిక్కి తిరిగివచ్చినవారున్న వారి యుత్తరములు, పటములు పెట్టె యడుగున నుండనీయక పైకి దీయుడు. వారిని గూర్చి యెఱిగిన వృద్ధులు మన యిండ్లలో నింకను కొందఱున్నారు. వారిని ఈ యేడే యడుగుడు.